మా వీధిలో ఎలుగుబంటి: న్యూజెర్సీ తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మోరిస్ కౌంటీలో ఇల్లు కొనుక్కుని మాకు పదకొండేళ్లు. మొదటి వేసవిలో పెరట్లో ఎలుగుబంటిని చూసి కిటికీ దగ్గర కొయ్యబారి నిలబడిపోయాను. ఇప్పుడు కొత్తగా ఇటువైపు వచ్చిన తెలుగువాళ్లు అదే భయంతో ఫోన్లు చేస్తుంటారు, వాట్సాప్‌లో వీడియోలు పెట్టి "ఏం చెయ్యాలి?" అని అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఇదంతా న్యూజెర్సీలో ఉండే నల్ల ఎలుగుబంటి గురించి. కనెక్టికట్, పెన్సిల్వేనియా, న్యూయార్క్‌లలో తిరిగేదీ అదే జంతువు కాబట్టి జాగ్రత్తలు అక్కడివాళ్లకూ పనికొస్తాయి. చట్టాలు, ఫోన్ నంబర్లు మాత్రం మీ రాష్ట్రానివి చూసుకోండి.

న్యూయార్క్ పక్కనున్న ఈ రాష్ట్రంలో ఎలుగుబంట్లేమిటి?

1970 నాటికి న్యూజెర్సీ మొత్తంలో వంద ఎలుగుబంట్లు కూడా లేవు. 1971లో వేట ఆపేశారు. అంతకు ముందు నుంచే కొండ ప్రాంతాల్లో పొలాలు బీడుపడి, మళ్లీ అడవి పెరగడం మొదలైంది. ఓక్ చెట్లు ముదిరి కాయలు రాల్చాయి. పెన్సిల్వేనియా, న్యూయార్క్ అడవుల్లోంచి ఎలుగులు ఇటు నడిచొచ్చాయి. 2022లో రాష్ట్రం వేసిన అంచనా ప్రకారం ఇంటర్‌స్టేట్ 80 హైవేకి ఉత్తరానే దాదాపు 3,000 ఉన్నాయి. మొత్తం 21 కౌంటీల్లోనూ ఎక్కడో ఒకచోట కనబడ్డాయి. కాబట్టి ఎడిసన్‌లో ఉన్నాం కదా, మనకేం అనుకోవద్దు.

ఈ యాభై ఏళ్లలోనే మనుషుల ఇళ్లు కూడా కొండలెక్కాయి. రాకవే, జెఫర్సన్, స్పార్టా, వెర్నన్, వెస్ట్ మిల్‌ఫర్డ్ లాంటి చోట్ల పెరడు ఎక్కడ అయిపోతుందో, అడవి ఎక్కడ మొదలవుతుందో చెప్పలేం. అవి మన మధ్యకు వచ్చాయా, మనం వాటి మధ్యకు వెళ్లామా అంటే రెండూ నిజమే.

ఏ నెలల్లో ఎక్కువగా కనిపిస్తాయి?

మార్చి చివర, ఏప్రిల్‌లో చలినిద్రలోంచి లేస్తాయి. అప్పటికి అడవిలో తినడానికి పెద్దగా ఏమీ ఉండదు, లేత గడ్డి తప్ప. అందుకే మన చెత్తడబ్బా వాసన వాటికి ఆ నెలల్లో మరీ తీయగా తగులుతుంది.

మే, జూన్ నెలల సంగతి వేరు. ఎలుగు పిల్లలు జనవరిలో గుహలోనే పుడతాయి, సాధారణంగా రెండో మూడో. తల్లి వాటిని ఏడాదిన్నర దాకా వెంట తిప్పుకుంటుంది. మళ్లీ జత కట్టే కాలం రాగానే వాటిని తరిమేస్తుంది. అలా వీధిన పడ్డ కుర్ర మగ ఎలుగులు సొంత జాగా వెతుక్కుంటూ తిరుగుతాయి. జూన్‌లో పార్కింగ్ లాట్లోనో స్కూల్ గ్రౌండ్‌లోనో ప్రత్యక్షమై వార్తల్లోకెక్కేవి చాలావరకు ఇవే. దారి తప్పి బెదిరిపోయి ఉంటాయి. చుట్టూ మూగి వీడియోలు తీస్తే మరింత బెదురుతాయి.

సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఒకటే తిండి ధ్యాస. చలికాలానికి కొవ్వు పట్టించుకోవడానికి రోజుకు 20,000 కాలరీల వరకు తింటాయి. ఓక్ కాయలు సరిగ్గా కాయని ఏడు ఆ లోటు మన ఇళ్ల దగ్గర పూడ్చుకోవాలని చూస్తాయి. చలికాలంలో కూడా పూర్తిగా లేవనుకోవద్దు. తిండి దొరుకుతున్నంత కాలం కొన్ని నిద్రకే వెళ్లవు.

పెరట్లో కనబడితే ముందు ఏం చెయ్యాలి?

పిల్లలను, కుక్కను లోపలికి తీసుకోండి. ఎలుగు వెళ్లిపోవడానికి దారి ఉందో లేదో చూడండి. దారి ఉంటే డెక్ తలుపు దగ్గరో, మేడ మీద కిటికీలోంచో గట్టిగా అరవండి. గిన్నె మీద గరిటెతో కొట్టండి, కారు హారన్ మోగించండి. "పోనీలే, దాని దారిన అదే పోతుంది" అని మౌనంగా చూస్తూ కూర్చోవడం మంచిదనుకుంటాం. నిజానికి మౌనంగా చూస్తే ఈ ఇల్లు ప్రశాంతమైన చోటని దానికి అర్థమవుతుంది. మనుషులున్న చోట చికాకు, గోల ఉంటాయని అది నేర్చుకోవాలి. అలా నేర్చుకున్న ఎలుగే ఎక్కువ కాలం బతుకుతుంది.

చెట్టెక్కి కూర్చుంటే మాత్రం వదిలెయ్యండి. అందరూ లోపలికి పోయి, కుక్కల అరుపులు ఆగాక, చీకటి పడ్డాక అదే దిగి వెళ్తుంది.

నడకకు వెళ్లినప్పుడు ఎదురుపడితే? చచ్చినట్టు పడుకోవాలా?

వద్దు. ఈ ప్రశ్న ప్రతి తెలుగింట్లో వస్తుంది. కారణం మనందరం చిన్నప్పుడు విన్న కథ. ఇద్దరు స్నేహితులు అడవిలో పోతుంటే ఎలుగుబంటి వచ్చింది. ఒకడు చెట్టెక్కాడు, రెండోవాడు ఊపిరి బిగబట్టి శవంలా పడుకున్నాడు, అది వాసన చూసి వెళ్లిపోయింది. స్నేహం గురించి ఆ కథ చెప్పే నీతి మంచిదే. ఎలుగు గురించి చెప్పే రెండు ఉపాయాలూ ఇక్కడ పనికిరావు. నల్ల ఎలుగుబంటి చెట్టెక్కడంలో ఆరితేరింది, మీకంటే ముందే కొమ్మ మీద ఉంటుంది. శవాన్ని ముట్టదన్నదీ నిజం కాదు. చచ్చిన జంతువులను తింటుంది.

పరుగు అసలే వద్దు. గంటకు 55 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తగలదు. పరిగెత్తేదాన్ని తరమడం దాని స్వభావం.

చెయ్యాల్సింది ఇది. ఉన్నచోట ఆగండి. మామూలు గొంతుతో, కాస్త గట్టిగా మాట్లాడండి. తెలుగులోనే మాట్లాడండి, మాట కాదు ముఖ్యం, మనిషి గొంతని దానికి తెలియాలి. చాలాసార్లు అది మనల్ని అసలు గమనించి ఉండదు. చేతులు పైకెత్తి ఊపుతూ, దాని కళ్లలోకి సూటిగా చూడకుండా, మెల్లగా వెనక్కి అడుగులెయ్యండి. పక్కన పిల్లలుంటే దగ్గరికి లాక్కోండి. నలుగురుంటే నలుగురూ ఒక్కచోట గుంపుగా నిలబడండి.

అది బుసకొట్టినట్టు ఊపిరి వదిలినా, దవడలు టకటక కొట్టినా, కాలితో నేల మీద చరిచినా "నువ్వు మరీ దగ్గరికొచ్చావు" అని చెబుతున్నట్టు. నాలుగడుగులు మీ మీదికి ఉరికి ఆగిపోవడం కూడా చాలావరకు బెదిరింపే. అప్పుడు గుండె ఎలా కొట్టుకుంటుందో నాకు తెలుసు. అయినా నిలబడండి, చేతులు ఊపండి, అరవండి, వెనక్కి జరగండి. వెనకాళ్ల మీద లేచి నిలబడితే కోపం వచ్చిందనుకుంటాం. అది బాగా చూడ్డానికి, వాసన పట్టడానికి లేస్తుంది, అంతే.

ఇంత చేసినా మీద పడితే తిరగబడండి. కర్ర, రాయి, బ్యాగు, పిడికిలి, ఏది ఉంటే దానితో ముక్కు మీద, ముఖం మీద కొట్టండి.

నిజంగా మనుషులను చంపుతాయా?

చాలా అరుదు. న్యూజెర్సీలో నమోదైన మొదటి మరణం 2014 సెప్టెంబరులో, వెస్ట్ మిల్‌ఫర్డ్‌లోని ఆప్షావా ప్రిజర్వ్‌లో. ఐదుగురు యువకులు కొండెక్కుతుండగా ఎలుగు కనబడింది. ఫొటోలు తీశారు. అది వెంటపడితే తలో దిక్కుకు పరిగెత్తారు. నలుగురు బయటపడ్డారు, ఒకరు రాలేదు. ఆ పిల్లవాడి వయసు 22. ఫొటో కోసం ఆగవద్దనీ, విడిపోవద్దనీ నేను పదే పదే చెప్పేది అందుకే.

మా నాన్నగారు ఉద్దానం వారు. ఎలుగంటే వణికిపోతారు. ఇక్కడిదీ అక్కడిదీ ఒకటేనా?

కాదు. మీ నాన్నగారి భయం ఉత్తిది కూడా కాదు. శ్రీకాకుళం జిల్లా సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో జీడితోటల మధ్య బతికినవాళ్లకు ఎలుగు దాడి అంటే ఏమిటో తెలుసు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగు చేతిలో ఒకరు చనిపోయారు, పలువురు గాయపడ్డారు. అక్కడ తిరిగేది వేరే జాతి. పొడుగాటి జూలు, చెదపుట్టలు తవ్వే పెద్ద గోళ్లు, చూపు తక్కువ. పులులున్న అడవుల్లో బతికిన జంతువు కాబట్టి ఉలిక్కిపడితే పారిపోవడం కంటే ఎదురు తిరగడం దానికి అలవాటు.

ఇక్కడి నల్ల ఎలుగు భయపడితే ముందు చెట్టెక్కుతుంది, లేకపోతే పారిపోతుంది. పిల్లలున్న తల్లి కూడా ఎక్కువసార్లు పిల్లలను చెట్టెక్కించి తాను కింద బెదిరిస్తుంది. మీ నాన్నగారికి ఈ తేడా నెమ్మదిగా చెప్పండి. పొద్దున్నే చీకట్లో ఒంటరిగా వాకింగ్‌కు వెళ్లొద్దనీ, చెవుల్లో పాటలు పెట్టుకోవద్దనీ కూడా చెప్పండి. వెలుతురొచ్చాక ఇంకొకరితో కలిసి మాట్లాడుకుంటూ వెళ్తే చాలు.

చెత్త సంగతి అందరూ చెబుతారు. అంత ముఖ్యమా?

మిగతా జవాబులన్నీ మరిచిపోయినా ఇదొక్కటి గుర్తుంచుకోండి. ఎలుగు మన కోసం రాదు, మన చెత్త కోసం వస్తుంది.

మేం చేసిన తప్పు చెబుతాను. మూడో ఏడు, మే నెల, మా పెద్దాడి పుట్టినరోజు. ఆదివారం అర్ధరాత్రి దాకా చుట్టాలు. ముప్పై మంది తిన్న ప్లేట్లు, మేక ఎముకలు, రెండు పెట్టెల మామిడిపండ్ల తొక్కలు, టెంకలు. సోమవారం పొద్దున చెత్త బండి వస్తుంది. తెల్లవారుజామున లేచే ఓపిక లేక రాత్రే డబ్బాను రోడ్డు పక్కకు లాగాను.

పొద్దున చూస్తే డబ్బా పదడుగుల అవతల పడి ఉంది. మూత మీద పక్కపక్కనే ఐదు గీతలు, వేలు దూరేంత లోతు. బిర్యానీ తెచ్చిన అల్యూమినియం ట్రేను నాకి నాకి తళతళలాడేలా చేసింది, అంచున రెండు కోరల బొక్కలు. టెంకలు మాత్రం పీచు కూడా మిగలకుండా చీకి, చెట్టు కింద వరసగా వదిలింది. ఆ రోజు మా ఇంట్లో అందరం నవ్వుకున్నాం. ఫొటోలు ఇండియాకు పంపాం.

అది కుర్ర ఎలుగు. మరుసటి ఆదివారం రాత్రి మళ్లీ వచ్చింది. డబ్బా లేకపోతే పక్కింటికి వెళ్లింది. జులైలో ఒకరి గరాజ్‌లో దూరింది. ఆగస్టులో మూడిళ్ల అవతల వంటింటి తెర తలుపు చించుకుని లోపలికి వెళ్లింది. ఇళ్లలోకి చొరబడే ఎలుగును రాష్ట్రం ప్రాణంతో వదలదు. గొట్టంలా ఉండే బోనును ట్రక్కు వెనక కట్టి తెచ్చారు, రెండు రోజుల్లో పట్టుకున్నారు. ఆ బండి మా వాకిలి ముందు నుంచి పోతుంటే నేను చూశాను. దానికి మొదటి పాఠం మా డబ్బాయే చెప్పింది.

అందుకని: డబ్బా గరాజ్‌లోనో, తలుపున్న గట్టి షెడ్‌లోనో ఉండాలి. బండి వచ్చే రోజు పొద్దునే బయట పెట్టాలి, ముందు రాత్రి కాదు. పొద్దునే కుదరదంటే గొళ్లెం పడే బేర్ ప్రూఫ్ డబ్బా కొనండి, లేదా మీ చెత్త కంపెనీని అడగండి. చేప పొలుసు, రొయ్యల పొట్టు, మాంసం ఎముకలు సంచిలో కట్టి బండి వచ్చే రోజు దాకా ఫ్రీజర్‌లో ఉంచండి. మొదట్లో మా ఇంట్లో అందరికీ ఇది రోతగా అనిపించింది, ఇప్పుడు అలవాటైపోయింది. డబ్బా లోపల వారానికోసారి అమ్మోనియాతో తుడవండి. అమ్మోనియాను బ్లీచ్‌తో కలపకండి, విషవాయువు పుడుతుంది. రీసైక్లింగ్ డబ్బా కూడా చెత్తడబ్బా లాంటిదే. కడగని పాల డబ్బా, కూల్‌డ్రింక్ క్యాన్ చాలు దానికి.

వంట వాసన ఇంట్లో పట్టేస్తుందని డెక్ మీద స్టవ్ పెట్టి చేపలు వేపుతాం. పరవాలేదా?

మనవాళ్లలో ఇది చాలామంది చేసే పనే, మేమూ చేస్తాం. వేపండి, కానీ మధ్యలో వదిలి లోపలికి వెళ్లకండి. అయిపోయాక స్టవ్, గ్రిల్ కాసేపు మంట పెంచి మసి కాల్చేసి, జిడ్డు పళ్లెం కడిగి, వీలైతే గరాజ్‌లో పెట్టండి. వాడిన నూనెను పెరట్లో పారబొయ్యకండి. ఎలుగు ముక్కు మైలు దూరం నుంచే వాసన పట్టగలదు. నూనె ఇంకిన మట్టిని అది తవ్వి మరీ నాకుతుంది.

తద్దినం రోజు కాకులకు ముద్ద పెడతాం. పిట్టలకు గింజలు కూడా. అవీ మానెయ్యాలా?

ముద్ద మానక్కర్లేదు. పట్టపగలు పెట్టండి, కాకులు తిన్నదాకా ఉండండి, మిగిలింది తీసెయ్యండి, ఆ చోటు కడిగెయ్యండి. రాత్రి దాకా డెక్ మీద అన్నం, నెయ్యి, గారె ఉంచితే తినడానికి వచ్చేది కాకి కాదు.

పిట్టల గింజలు మాత్రం డిసెంబరు నుంచి మార్చి దాకానే పెట్టండి. మూడు కిలోల పొద్దుతిరుగుడు గింజల్లో దాదాపు 12,000 కాలరీలు ఉంటాయి. అడవిలో రోజంతా తిరిగినా వేసవిలో అంత తిండి ఒకచోట దొరకదు. పిట్టలను చూడాలనుంటే నీళ్ల పళ్లెం పెట్టండి, పూల మొక్కలు పెంచండి.

మా అత్తగారు "జాంబవంతుడి వంశం, నోరులేని జీవం" అని అరటిపండ్లు విసురుతున్నారు. ఎలా ఆపాలి?

ఆవిడ మనసు మంచిది. కానీ ఇది చట్టరీత్యా నేరం. న్యూజెర్సీలో ఎలుగులకు తిండి పెట్టడాన్ని 2002లోనే నిషేధించారు, జరిమానా 1,000 డాలర్ల దాకా ఉంటుంది. ఆవిడకు జరిమానా మాట చెప్పకండి, అత్తగారి మనసు నొచ్చుకుంటుంది. పైన చెప్పిన మా డబ్బా కథ చెప్పండి. పండు పెట్టిన చెయ్యి దాన్ని బోను దాకా నడిపిస్తుందని తెలిస్తే ఆవిడే మానేస్తారు. మా అమ్మకు నేను అలాగే చెప్పాను.

పెరట్లో గోంగూర, బీర, టమాటా వేశాం. తోటకు వస్తుందా?

గోంగూర, తోటకూర, మిరప జోలికి మా ఇంట్లో ఎప్పుడూ రాలేదు. దానికి తీపి కావాలి. మొక్కజొన్న, పుచ్చ, ఆపిల్, పియర్, పీచ్, బెర్రీలు ఉంటే పండగానే కోసెయ్యండి, రాలినవి ఏ రోజుకారోజు ఏరెయ్యండి. కంపోస్టు గుంతలో ఆకులు, గడ్డి, ఎండిన పూలు వెయ్యండి. వండిన అన్నం, పండ్ల తొక్కలు, గుడ్డు పెంకులు, పాలవిరుగుడు వద్దు. కోళ్లు, తేనెపెట్టెలు ఉన్నవాళ్లకు మాత్రం కరెంటు కంచె తప్ప వేరే దారి లేదు.

గరాజ్, కారు?

గరాజ్ తలుపు ఎప్పుడూ మూసి ఉంచండి, పది నిమిషాలకైనా సరే. మనవాళ్ల గరాజ్‌లో రెండో ఫ్రిజ్, బియ్యం బస్తాలు, ఊరగాయ జాడీలు ఉంటాయి. కారు తలుపు పిడి లాగడం ఎలుగులకు వస్తుంది. లోపలికి దూరాక తలుపు దానంతటదే మూసుకుంటే సీట్లు, పైకప్పు గుడ్డ పీలికలే. కారులో పాప తినే బిస్కెట్ ముక్కలు కూడా ఉంచకండి, రాత్రి తాళం వెయ్యండి. కిరాణా డెలివరీ గుమ్మం ముందు దిగగానే తీసుకోండి.

పిల్లలకు ఏం నేర్పాలి?

మూడు మాటలు: పరిగెత్తకు, పెద్దగా కేకలెయ్యి, మెల్లగా వెనక్కి నడిచి ఇంట్లోకి రా. ఇంట్లో ఆటలా నాలుగైదుసార్లు చేయించండి. మా చిన్నది బొమ్మ ఎలుగును సోఫా మీద పెట్టి చేతులెత్తి "వెళ్లిపో ఎలుగూ!" అని అరిచేది. రెండేళ్ల తర్వాత బస్ స్టాప్ దగ్గర నిజంగా కనబడినప్పుడు సరిగ్గా అదే చేసింది. ఎలుగు పిల్ల ముద్దుగా ఉంటుంది, దగ్గరికి వెళ్లబుద్ధేస్తుంది. పిల్ల కనబడిందంటే తల్లి దగ్గర్లోనే ఉందని కూడా నేర్పండి.

కుక్క ఉంటే రక్షణేనా?

గొలుసు లేని కుక్క ప్రమాదమే. అది మొరుగుతూ ఎలుగు మీదికి పోతుంది, దెబ్బ తింటుంది, లేదా ఎలుగును వెంటబెట్టుకుని మీ దగ్గరికే పరిగెత్తుకొస్తుంది. మనుషులు గాయపడిన ఘటనల్లో చాలావాటిలో కుక్క ఉంది. రాత్రి బయటికి వదిలే ముందు డెక్ లైటు వేసి, తలుపు చప్పుడు చేసి, పెరడు ఒకసారి కలయజూడండి. కుక్క తిండి గిన్నె బయట ఉంచకండి.

ఇంట్లోకి వచ్చేస్తే?

దాన్ని గదిలో బంధించకండి. వచ్చిన తలుపు, వీలైతే ఇంకో తలుపు బార్లా తీసి, దాని దారిలోంచి తప్పుకుని, అందరూ ఇంటి బయటికో, మేడ మీద తలుపేసుకునే గదిలోకో వెళ్లండి. 911కు ఫోన్ చెయ్యండి. వెళ్లిపోయాక కూడా రాష్ట్రానికి తప్పక తెలియజేయండి.

బేర్ స్ప్రే (ఎలుగు ముఖాన కొట్టే కారం స్ప్రే) కొనమంటారా?

పశ్చిమ రాష్ట్రాల వీడియోలు చూసి చాలామంది అడుగుతారు. న్యూజెర్సీ చట్టం ఆత్మరక్షణకు అనుమతించే పెప్పర్ స్ప్రే పరిమాణం ముప్పావు ఔన్స్ మాత్రమే. బేర్ స్ప్రే డబ్బాలు అంతకు ఎన్నో రెట్లు ఉంటాయి. కొనే ముందు మీ టౌన్ పోలీసులను అడగండి. నా వరకు నేను ఈల వెంట పెట్టుకుంటాను. పదకొండేళ్లలో అంతకు మించి అవసరం పడలేదు.

ఫోన్ చేస్తే వచ్చి అడవిలో వదిలేస్తారా?

ప్రాణానికి ప్రమాదమైతే 911. మిగతా ఫిర్యాదులకు రాష్ట్ర పర్యావరణ శాఖ నంబరు 1-877-927-6337, రోజంతా పనిచేస్తుంది. ఊరికే రోడ్డు దాటిపోయిన ఎలుగు కోసం ఎవరూ రారు, రావాల్సిన పనీ లేదు.

వాళ్లు ఎలుగులను మూడు తరగతులు చేస్తారు. మూడో తరగతి తన దారిన తాను పోయేది. రెండోది చెత్త, పిట్టల గింజల కోసం పదే పదే వచ్చేది. దాన్ని పట్టుకుంటే అక్కడికక్కడే రబ్బరు గుళ్లతో, టపాకాయలతో, కుక్కలతో బెదరగొట్టి వదులుతారు. మొదటిది ఇళ్లలోకి చొరబడేది, మనుషుల మీదికి, పశువుల మీదికి వచ్చేది. దాన్ని చంపేస్తారు.

"దూరంగా తీసుకెళ్లి వదలొచ్చు కదా" అని అందరం అనుకుంటాం. ఎలుగులకు దారి గుర్తు పెట్టుకునే శక్తి ఎక్కువ, ఎంతో దూరం నుంచి తిరిగొస్తాయి. రాకపోతే చెత్త అలవాటు కొత్త ఊరికి పోతుంది. ఇంత చిన్న రాష్ట్రంలో ఎలుగులు లేని అడవి కూడా మిగల్లేదు.

మరి వేట ఎందుకు? పాపం కాదా?

ఈ ప్రశ్న మీద ఇక్కడ ఏళ్ల తరబడి కొట్లాట జరుగుతోంది. 2003లో వేట మళ్లీ మొదలైంది, 2005లో జరిగింది, 2010 నుంచి ఏటా సాగింది. 2018లో గవర్నర్ ఫిల్ మర్ఫీ రాష్ట్ర భూముల్లో ఆపించారు, 2020 తర్వాత పూర్తిగా ఆగింది. 2022లో ఎలుగుల మీద ఫిర్యాదులు అంతకు ముందు ఏడాదికి రెట్టింపు దాటడంతో, ఆ గవర్నరే డిసెంబరులో వేటను తిరిగి అనుమతించారు. వదిలేస్తే రెండేళ్లలో సంఖ్య 4,000 దాటుతుందని శాఖ చెప్పింది.

ఓక్ రిడ్జ్‌లో పెడల్స్ అనే ఎలుగు ఉండేది. ముందు కాళ్లు రెండూ దెబ్బతిని, మనిషిలా వెనకాళ్ల మీదే వీధుల్లో నడిచేది. వీడియోలు ప్రపంచమంతా చూసింది. 2016 అక్టోబరు వేటలో అది చనిపోయిందని అందరూ నమ్మారు. ఆ వారం మా పిల్లలు అన్నం సరిగ్గా తినలేదు.

నా అభిప్రాయం చెబుతాను, మీరు ఒప్పుకోనక్కర్లేదు. పులి, తోడేలు లేని అడవిలో ఎలుగుల సంఖ్య దానంతటదే నిలబడదు. కాబట్టి వేటను వద్దనే ధైర్యం నాకు లేదు. కానీ అడవిలో వేటాడిన ఎలుగు, మా వీధిలో డబ్బా తెరిచే ఎలుగు ఎప్పుడూ ఒకటే కావు. వేట జరిగిందని వీధి డబ్బాలు బయటే వదిలేస్తే ఇంకో ఎలుగు వస్తుంది.

చలికాలంలో మా డెక్ కింద ఏదో ఊపిరి పీలుస్తోంది. ఎలుగు కావొచ్చా?

కావొచ్చు. డెక్ కింద, పాత షెడ్ కింద పడుకోవడం కొత్తేమీ కాదు. లోపలికి వంగి చూడకండి, టార్చ్ వెయ్యకండి. తల్లి అయితే జనవరిలో అరకిలో కూడా లేని గుడ్డి పిల్లలుంటాయి. తల్లి బెదిరి వెళ్లిపోతే అవి చలికి చనిపోతాయి. పైనిచ్చిన నంబరుకు చెప్పి, ఏప్రిల్ దాకా ఆ వైపు పోకుండా ఉండండి. అవి వెళ్లిపోయాక ఖాళీని గట్టి జాలీతో మూసెయ్యండి.

మేం ఎంత జాగ్రత్తగా ఉన్నా పక్కింటివాళ్లు పట్టించుకోరు. మా ఒక్కరి వల్ల ఏమవుతుంది?

ఒక్క ఇంటివల్ల పెద్దగా ఏమీ కాదు, అది నిజం. కొలరాడోలోని డురాంగోలో పరిశోధకులు 2011 నుంచి 2016 దాకా దీన్ని కొలిచి చూశారు. కొన్ని వీధుల్లో వెయ్యికి పైగా బేర్ ప్రూఫ్ డబ్బాలు పంచి, పంచని వీధులతో పోల్చారు. పంచిన చోట చెత్త కోసం వచ్చే గొడవలు దాదాపు 60 శాతం తగ్గాయి. వీధి వీధంతా మారితేనే ఆ ఫలితం.

మా వీధిలో నేను చేసింది చెబుతాను. ఆ బోను బండి వెళ్లిన వారం ఒక పళ్లెంలో సున్నుండలు పెట్టుకుని పద్నాలుగు ఇళ్లకూ వెళ్లాను. తప్పు ఎవరిదని అడగలేదు, మాదేనని చెప్పాను. పదకొండు ఇళ్లవాళ్లు డబ్బాలు పొద్దునే పెడతామన్నారు. ఒక పెద్దాయన మోకాళ్ల నొప్పితో పొద్దునే లాగలేనన్నారు. ఇప్పుడు సోమవారం ఐదున్నరకు మా పెద్దాడు మా డబ్బాతోపాటు ఆయనదీ రోడ్డు పక్కకు తీసుకెళ్లి పెడతాడు. మిగిలిన రెండిళ్లతో హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) మీటింగ్‌లో మాట్లాడాం, ఒకరు ఒప్పుకున్నారు. ఇంకొకరి డబ్బా ఇప్పటికీ ఆదివారం రాత్రే బయట ఉంటుంది. ఈ ఏప్రిల్‌లో మళ్లీ వెళ్తాను.